దగా అన్నవాడూ, పడ్డవాడూ ఒకే దోనెలో

కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీ బల్ల మీద నిఘంటువు ఉంటే ఒకసారి తెరిచి ‘దగా’ అన్న మాట దగ్గర వేలు పెట్టండి. మోసం, వంచన, కపటం అని అర గీతలో తేల్చేసి పక్క మాటకు వెళ్ళిపోయి ఉంటారు. ఆ అర్థం రాసినాయన మహాపండితుడే అయి ఉండొచ్చు గాని, తాటిదోనె మాత్రం ఎక్కి ఉండడు. నేను ఎక్కాను. ఆ ఒక్క మాటను ఎవరి మీద వాడాలో, ఎవరి మీద వాడకూడదో తెలుసుకోవడానికి కొల్లేటి నడిమధ్యన మూడు పగళ్ళు, రెండు చేతులతో దోనె అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆ పట్టుకు నా అరచేతుల్లో ఉన్న గీతలు చెరిగిపోయి తాటిచెక్క గీతలు పడ్డాయి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళు ఇప్పటికీ నాకు జలగండం తప్ప ఇంకేమీ కనిపించడం లేదంటారు.

నాకు యాభై అయిదు నిండి కొద్ది నెలలే అయింది. ప్రభుత్వం దాన్ని ముసలితనమంటుంది, నేను నడివయసంటాను. ఆ తగాదా ఇక్కడ వద్దు. నేను చెప్పబోయేది మన రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయి, హైదరాబాదుతో ఇంకా కలవని రోజుల సంగతి. అప్పుడు నేను ఏలూరులో చేపల శాఖలో ఫీల్డ్ అసిస్టెంటుని. ఫీల్డు అంటే మా శాఖలో నీళ్ళు అని అర్థం. ఆ ముక్క నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది.

చేరకముందు తెలియాల్సిన ముక్క ఇంకొకటి ఉంది. దరఖాస్తు ఫారంలో పదకొండో గడిలో ‘ఈత వచ్చునా?’ అని ఉండేది. నేను ‘వచ్చును’ అని రాశాను. రాసి, చేతిరాత కుదరలేదనిపించి, దాని పక్కన ‘చక్కగా’ అని కూడా చేర్చాను. నిజానికి నీళ్ళంటే నాకున్న భయం అంతా ఇంతా కాదు. ఏలూరు కాలువ వంతెన దాటేటప్పుడు సరిగ్గా మధ్య గీత మీద నడిచేవాణ్ణి. చెంబుతో పోసుకునేటప్పుడు కూడా కళ్ళు తెరిచే ఉంచేవాణ్ణి. ధ్రువపత్రం ఇచ్చిన హెడ్మాస్టరుగారు నన్ను ఎన్నోసార్లు కాలవ ఒడ్డున చూశారు. చూసిన మాట నిజమే కాబట్టి సంతకం పెట్టారు.

మా ఆఫీసరుగారు మద్రాసులో చదువుకుని వచ్చిన మనిషి. ఆయన ఎత్తు ఆరడుగులు, కోపం తొమ్మిది అడుగులు. ఆయనకు ప్రపంచంలో అన్ని మాటల్లోకీ ‘దగా’ అన్న మాట మీద ప్రాణం. ఎర్ర పెన్సిలు ఎప్పుడూ చెవి మీద ఉండేది. ఏ జాలరి ఏ అర్జీ పెట్టినా మార్జిన్లో ‘దగా?’ అని రాసేవారు. ఎండాకాలంలో కొల్లేరు తగ్గిందని రిపోర్టు వస్తే దాని మీద కూడా అలాగే రాశారని చెప్పుకునేవారు. నేను చూడలేదు గాని, నమ్మాను.

ఆ మాట వాడకంలో మెళకువలు నాకు నేర్పింది మా హెడ్ క్లర్కుగారు. ముక్కుపొడుం డబ్బీ మూత తీయడానికి ఆయన పావుగంట తీసుకునేవారు. ఆ పావుగంటలో చెప్పిన పాఠాలే నాకు ఇప్పటికీ ఆధారం.

“చూడు నాయనా,” అన్నారొకరోజు. “జాలరి మన స్టోరు నుంచి ఒక దారపు ఉండ ఎక్కువ పట్టుకెళ్ళాడనుకో. దాన్నేమంటాం?”

“దగా అంటామండి.”

“శభాష్. అదే ఉండ స్టోరుకీపరు ఇంటికి వెళితే?”

“అదీ దగానే గదండీ?”

“కాదు. తరుగు. అదే ఉండ ఆఫీసరుగారింటికి వెళితే?”

నేను డబ్బీ మూత వైపు చూశాను.

“నమూనా,” అని మూత తీసి పొడుం పీల్చారు. “మాట ఒక్కటే ఉండకూడదోయ్. మనిషిని బట్టి ఉండాలి. ఇది తెలీక చాలామంది ప్రమోషన్లు పోగొట్టుకున్నారు.”

అలాంటి ఆఫీసులోకి ఒక కొత్త ప్రయోగం వచ్చింది. శీలావతి చేపలు కొల్లేట్లో ఎక్కడ వదిలితే ఎక్కడికి పోతాయి, ఉప్పుటేరు దిగి సముద్రం దాకా వెళతాయా, మధ్యలో ఆగిపోతాయా అన్నది తేల్చాలి. అందుకని మూడు వందల చేపలకు అల్యూమినియం బిళ్ళలు కట్టి, ఒక్కో బిళ్ళ మీద ఒక్కో నంబరు చెక్కించి, సరస్సులో పన్నెండు చోట్ల వదలాలన్నారు. ఏ జాలరికి బిళ్ళ ఉన్న చేప దొరికినా ఆ బిళ్ళ తెచ్చి, ఎక్కడ పట్టాడో చెబితే బిళ్ళకో దారపు ఉండ బహుమానం. వల అల్లుకునే దారానికి అప్పట్లో ఎంత కరువంటే, పెళ్ళిచూపుల్లో పిల్లవాడి గుణగణాలు వదిలేసి ఇంట్లో దారం ఎంతుందని అడిగేవాళ్ళు.

తాడేపల్లిగూడెం వైపు కాలువల్లో పట్టించిన జానెడేసి చేపలకు రెండు రోజులు కూర్చుని బిళ్ళలు కట్టాను. వెన్ను మీది రెక్కకు సన్న తీగతో ముడి వెయ్యాలి. నా ముడులు చూసి చేపలే సిగ్గుపడ్డాయి. తర్వాత వాటిని నీళ్ళ డ్రమ్ముల్లో వేసి, గూడెం స్టేషన్లో రైలెక్కించి, భీమడోలులో దింపి, గుండుగొలను మీదుగా ఎడ్లబండ్లలో కొల్లేటి గట్టుకు చేర్చాను. అక్కడ దోనె కట్టి ఉంది. దోనెవాడు అన్నానికి వెళ్ళాడు. బండివాళ్ళు డ్రమ్ములు దింపేసి ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళారు. కార్తీకమాసం, సరస్సు నిండుగా ఉంది. అవతలి ఒడ్డు ఉందన్న సంగతి పుస్తకాల్లో చదివి నమ్మాల్సిందే.

దోనెవాడు వచ్చేలోపు అలవాటు చేసుకుందామని ఒక కాలు దోనెలో పెట్టాను. తాటిదోనె అంటే ఏమిటో తెలియని వాళ్ళకు చెబుతున్నాను: తాటిమొద్దును రెండుగా చీల్చి లోపల తొలిచింది. తొలవడం అయిపోయినా దానికి తాను చెట్టునన్న పొగరు పోదు. మనిషి కాలు పెట్టగానే దులపరిస్తుంది. నేను అటు ఊగి, ఇటు ఊగి, నీళ్ళలో పడి, జిల్లా మొత్తానికి వినపడేలా “చచ్చాన్రోయ్!” అని అరిచాను. ఆ అరుపుకు పక్షులు లేచి ఆకాశం కాసేపు కనిపించలేదు. లేచి నిలబడి చూసుకుంటే నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి.

చుట్టూ చూశాను. ఒక్క మనిషి లేడు. కిక్కిస పొద పక్కన ఒక కొంగ మాత్రం ఒంటికాలి మీద నిలబడి, రెండు కాళ్ళ మీద నిలబడలేని నన్ను చూస్తోంది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పన్నెండు చోట్లకూ ఈ మొద్దు మీద వెళ్ళే బదులు, మూడు వందల చేపలనూ ఇక్కడే ఈ మడుగులోనే వదిలేస్తే? చేపలకు ఈత వచ్చు కదా, చక్కగా. ఎక్కడికి వెళ్ళాలో అవే వెళతాయి.

వదిలేశాను. దోనెవాడు వచ్చి అడిగితే వేరే దోనెలో పని పూర్తి చేశామన్నాను. ఏలూరు వచ్చి, నా గదిలో కిటికీ దగ్గర కూర్చుని టూర్ డైరీ రాశాను. పన్నెండు చోట్లూ, ఒక్కోచోట వదిలిన చేపల నంబర్లూ, వదిలిన వేళా, నీటి లోతూ, గాలి దిక్కూ అన్నీ రాశాను. తొమ్మిదో చోట నైరుతి గాలి అలలు లేపిందని రాశాను. పదో చోట నాకే అలసట వచ్చి, గాలి ఆగిందని రాశాను. పదకొండో చోట సూర్యాస్తమయం రెండు పేరాలు సాగింది. ఆఫీసరుగారు చదివి “ఇదీ డైరీ!” అన్నారు. హెడ్ క్లర్కుగారు మాత్రం కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, “ఇంత తిరిగినవాడివి, చెప్పులకు బురద ఏదోయ్?” అని మెల్లగా అన్నారు.

నెల గడిచింది. ఒక ఉదయం మా ఆఫీసు మెట్ల మీద ఒక జాలరి కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎండకు కాగి కాగి మనిషి తుమ్మమొద్దులా ఉన్నాడు. తాటినారకు గుచ్చిన బిళ్ళల దండ ఒకటి రెండు చేతులా పట్టుకుని, పూజకు పూలు తెచ్చినంత భక్తిగా ఆఫీసరుగారి బల్ల మీద పెట్టాడు.

“అరవై ఒకటండి,” అన్నాడు. “లెక్క చూసుకోండి బాబు.”

ఆఫీసరుగారి మొహం ముందు వెలిగింది. తర్వాత “ఎక్కడ పట్టావు?” అన్నారు.

“మా మావుల్లో పడ్డాయండి. గట్టు పక్క మడుగులో.” మావులంటే వెదురు బద్దలతో అల్లి నీళ్ళలో పెట్టే బుట్టలు. చేప లోపలికి వెళ్ళగలదు, బయటికి రాలేదు. అచ్చంగా ప్రభుత్వ ఉద్యోగంలాగే.

“అన్నీ ఒక్క మడుగులోనే?”

“ఆయ్. అన్నీ అక్కడేనండి.”

ఆఫీసరుగారు గోడ మీది పటం వైపు తిరిగారు. నా డైరీ చూసి ఆయన స్వయంగా గుచ్చిన పన్నెండు గుండుసూదులు కొల్లేరంతా మెరుస్తున్నాయి. పన్నెండు చోట్ల వదిలిన చేపలు ఒక్కడి బుట్టలో ఎలా పడతాయి? ఎర్ర పెన్సిలు చెవి మీద నుంచి దిగింది. వీడు డ్రమ్ముల దగ్గరే బిళ్ళలు కాజేసి ఉండాలి, లేదా దొంగ బిళ్ళలు చేయించి ఉండాలి. “దగా!” అన్నారు, పెన్సిలు ములుకు విరిగేలా రాస్తూ. “ఇక్కడ కాదు, వీడి ఊళ్ళోనే పదిమందిలో ఈ మాట అంటాను.”

నిజం తెలిసిన వాళ్ళు ఆ గదిలో ఇద్దరున్నారు. ఒకణ్ణి నేను. రెండోవాడు ఎవరో నాకు అప్పటికి తెలియదు. నేను గోడ మీది గుండుసూదులు లెక్కపెడుతూ నిలబడ్డాను. పన్నెండే ఉన్నాయి.

మర్నాడు ఆఫీసరుగారూ నేనూ ఆ జాలరి ఉండే లంకకు బయలుదేరాం. కొల్లేటి మధ్యలో ఇళ్ళున్న మెరకను లంక అంటారు. ఆయన కోసం రెండు దోనెలు జంటగా కట్టి, పైన బల్ల పరిచి, బల్ల మీద కుర్చీ వేశారు. నేను కుర్చీ కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. వినయమనుకుని ఆయన సంతోషించారు.

రేవులో జనం పోగయ్యారు. ఆడవాళ్ళు చేపలు శుభ్రం చేస్తూ చేస్తూ తలెత్తారు. ఆ ఊరి పెద్దాయన చుట్ట నోట్లోంచి తీసి దణ్ణం పెట్టాడు. ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి, మా జాలరిని వేలెత్తి చూపి, “ఈ మనిషి ప్రభుత్వాన్ని దగా చేశాడు!” అన్నారు.

కత్తిపీటలు ఆగాయి. కుక్కలు కూర్చున్నాయి. మీద ఎగురుతున్న గూడబాతు ఒకటి గాలిలోనే నిలబడిపోయిందంటే మీరు నమ్మరు, మానండి.

పెద్దాయన అడిగాడు: “బాబూ, తమరన్న మాట మళ్ళీ అంటారా?”

“వందసార్లు అంటాను. దగా!”

“సరేనండి. అయితే దోనె ఎక్కండి.”

అప్పుడు బయటపడింది ఆ ఊరి కట్టుబాటు. ఆ మాట అక్కడ ఊరికే అనే మాట కాదు. అన్నవాడూ, పడ్డవాడూ ఒకే దోనెలో మూడు రోజులు వేటకు వెళ్ళాలి. ఒకే కుండలో అన్నం తినాలి. దోనెలో ఆ ఊసు ఎత్తకూడదు, పని చేసుకోవాలి. రోజూ పొద్దుగూకే వేళ రేవులో పెద్దాయన అన్నవాణ్ణి అడుగుతాడు: “ఆ మాట మీదే ఉన్నావా?” మూడో సాయంత్రం కూడా ఉన్నానంటే పడ్డవాడి దోనె ఒడ్డుకు లాగి బోర్లిస్తారు. ఏడాది దాకా అతనితో ఎవరూ వేటకు పోరు, అతని చేప ఎవరూ కొనరు. మూడు రోజులు కలిసి తిన్నవాడు మూడో సాయంత్రం అబద్ధం ఆడలేడని వాళ్ళ నమ్మకం. పాపం, మా శాఖ సంగతి వాళ్ళకు తెలియదు.

ఆఫీసరుగారు దోనె వైపు చూశారు. దోనె ఆయన వైపు చూసింది. ఆయనకు వెంటనే ఏలూరులో మీటింగు జ్ఞాపకం వచ్చింది.

“నా తరఫున మా ఫీల్డ్ అసిస్టెంటు ఎక్కుతాడు,” అన్నారు. “ఈత చక్కగా వచ్చు. సర్వీసు రిజిస్టరులో ఉంది.”

అప్పటిదాకా ఒక్క ముక్క మాట్లాడని జాలరి ముందుకొచ్చాడు. “వద్దండి బాబు. ఈ బాబుని వద్దండి. ఆయనకి పడదు.”

“చూశావా, ఎలా జంకుతున్నాడో!” అన్నారు ఆఫీసరుగారు నాతో. జంటదోనెలు కుర్చీతో సహా వెళ్ళిపోయాయి. దగా చేసినవాణ్ణి నేను, పడ్డవాడు అతను, అన్నవాడి బదులు ఎక్కేవాణ్ణి మళ్ళీ నేనే.

మొదటిరోజు పొద్దున్నే జాలరి భార్య అన్నం కుండ, చేపల పులుసు ముంత దోనెలో పెట్టింది. నా వైపు చూసి కొంగు దోపుకుంది.

“ఏవండీ బాబుగారూ, మా ఆయన దగాకోరని తేల్చడానికేనా తమరొచ్చింది?”

నేను దోనె అంచు వెతుక్కున్నాను.

“తేల్చండి. కాకపోతే కడుపునిండా తిని తేల్చండి. ఖాళీ కడుపుతో తేలిస్తే మా ఇంటి మర్యాద పోద్ది.”

“ఊరుకోవే,” అన్నాడు అతను, దోనె నెట్టే వెదురు గెడ అందుకుంటూ.

“నేనేవన్నానండీ ఇప్పుడు? పులుసులో కారం కూడా తగ్గించాను, పట్నం బాబని!”

ఆ కారం తగ్గించిన పులుసు తిన్నాక నాకు సాయంత్రం దాకా రెండు చెవుల్లోంచీ ఆవిర్లు వచ్చాయి. అదొక్కటే ఆ రోజు నన్ను నీళ్ళ సంగతి మరిపించింది. మిగతా వేళంతా నేను దోనె అంచులు రెండూ పట్టుకుని, ఊపిరి సగం సగం పీలుస్తూ కూర్చున్నాను. పూర్తిగా పీలిస్తే ఒకవైపు బరువెక్కుతుందని నా లెక్క. దోమలు పిచ్చుకలంత ఉన్నాయి. ఒకటి వాలితే తోలడానికి చెయ్యి వదలాలి. వదల్లేదు. తాగినంత తాగి, బరువెక్కి, అదే దోనెలో నిద్రపోయింది.

అతను మాత్రం నేను లేనట్టే ఉన్నాడు, ఉన్నట్టూ ఉన్నాడు. నేను కూర్చున్న వైపుకి దోనె వాలకుండా, తాను రెండో వైపు ఒరిగి నిలబడి రోజంతా గెడ వేశాడు. అది నా కోసమని నేను అప్పుడు గ్రహించలేదు. గెడ వేసే పద్ధతే అంత కాబోలనుకున్నాను.

సాయంత్రం రేవులో పెద్దాయన అడిగాడు: “ఆ మాట మీదే ఉన్నారా బాబూ?”

“ఆఫీసరుగారిని కనుక్కుని చెప్పాలండి,” అన్నాను. ప్రభుత్వోద్యోగంలో నేను నేర్చుకున్న మొట్టమొదటి వాక్యం అదే.

“ఎక్కింది మీరు గదా?”

“ఉన్నామండి,” అన్నాను. ‘ఉన్నాను’ అనడానికి నోరు రాలేదు. బహువచనం వెనక దాక్కున్నాను. జాలరి భార్య ఉట్టి ముంత తీసుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అంతకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

రెండోరోజు మావులు ఎత్తడానికి గట్టు పక్క మడుగుకు వెళ్ళాం. నేను చేపలు వదిలిన మడుగే అది. కొంగ కూడా అక్కడే ఉంది. ఒక మావు ఎత్తగానే జానెడు శీలావతి ఎగిరిపడింది. వెన్ను మీద బిళ్ళ తళుక్కుమంది. రెండు వందల పన్నెండు. ఆ ముడి నాదే. అంత చెడ్డ ముడి జిల్లాలో ఇంకెవరూ వేయలేరు. నా డైరీ ప్రకారం రెండు వందల పన్నెండో నంబరును నేను సరస్సుకు అవతలి కొసన, నైరుతి గాలిలో వదిలాను.

అతను తీగ విప్పి బిళ్ళ నా చేతిలో పెట్టాడు. “తమరి చేపేనండి,” అన్నాడు. అంతే. ఎత్తిపొడుపు ఉందేమోనని మొహం చూశాను. లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ సాయంత్రం కూడా “ఉన్నామండి” అన్నాను. అయితే ఈసారి పెద్దాయన రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

మూడోరోజు తిరిగొస్తుండగా లంక వెనక ఒడ్డున ఒక దోనె బోర్లించి కనిపించింది. పగుళ్ళలోంచి గడ్డి మొలిచింది.

“అదెవరిది?” అన్నాను.

“మా మేనమామదండి. ఆయన నిజంగానే చేశాడు. పక్కోడి వల్లో చేపలు తీశాడు.” గెడ ఒకసారి వేసి, ఎత్తి, మళ్ళీ వేశాడు. “ఏడాది అయ్యాక మేవే తిప్పి నీళ్ళలో వేశావండి. ఆయన ఎక్కలేదు. మళ్ళీ ఒడ్డుకు లాక్కొచ్చి, ఆయనే బోర్లించుకున్నాడు.”

“ఎందుకని?”

“ఏవోనండి. ఎదురొచ్చే దోనెలోవాళ్ళు పలకరిస్తారు గదండి. ఆ పలకరింపు మారిపోతుంది.”

కుండలో మిగిలిన అన్నం మెతుకులు అతను నీళ్ళలో చేపలకు విదిల్చాడు. రేవు దగ్గరపడుతోంది. జనం నిలబడి ఉన్నారు. ఇద్దరు మనుషులు తాళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, దోనె లాగడానికి. అతని భార్య ఆ రోజు ఏ పనీ పెట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

“ఆ మాట మీదే ఉన్నారా బాబూ?” అన్నాడు పెద్దాయన.

నేను దోనెలోంచే లేచి నిలబడ్డాను. మూడు రోజుల్లో మొదటిసారి అంచు వదిలాను.

“దగా జరిగిందండి,” అన్నాను. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు కదిలారు. “చేసింది ఈయన కాదండి. నేను. పన్నెండు చోట్ల వదలాల్సిన చేపలు అన్నీ ఒక్కచోటే వదిలేశాను. వదిలినట్టు కాగితం రాశాను. ఈయన బుట్టలో పడ్డ ప్రతి చేపా నిజం. నా కాగితంలో ప్రతి అక్షరం అబద్ధం.”

పెద్దాయన ఆరిపోయిన చుట్ట మళ్ళీ వెలిగించుకున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, చిక్కు ఉంది.

“ఇదెక్కడి తగువు బాబూ? అన్నవాడూ తమరే, పడ్డవాడూ తమరే. ఎవరితో కలిపి ఎక్కించేది?”

వెనక నుంచి ఎవరో ఆడమనిషి అంది: “ఒక్కరినే ఎక్కించి నడిమధ్యకి తోసెయ్యండి. ఆయనతో ఆయనే తింటాడు!”

రేవు రేవంతా నవ్వింది. పెద్దాయనకు మాత్రం ఆ తీర్పు నచ్చినట్టే ఉంది, తల ఊపాడు. “కట్టుబాటు ప్రకారం అంతే గదా మరి. రేపు పొద్దున్న ఒక్కరే...”

నేను మళ్ళీ దోనె అంచు పట్టుకున్నాను. అప్పుడు జాలరి గెడ నేలకానించి, “వద్దు పెద్దాయనా,” అన్నాడు. “ఒక్కణ్ణే వెయ్యొద్దు. ఆయనకి ఈత రాదు.”

ఆ మాటకు నేను ఉలిక్కిపడ్డాను. ఆ సంగతి నాకూ, పదకొండో గడికీ తప్ప మూడో కంటికి తెలియదు. “మీకెలా తెలుసండీ?” అన్నాను. అతన్ని ‘మీరు’ అనడం అదే మొదలని నోట్లోంచి వచ్చాక తెలిసింది.

“ఆ వేళ మోకాలి లోతులో పడి తమరు చచ్చానని అరిచారు గదండి.”

“అక్కడ కొంగ తప్ప ఎవరూ లేరే!”

“ఆ కొంగ పక్కనే నేనున్నానండి. మావులు కడుతున్నాను, కిక్కిసలో. తమరు డ్రమ్ములు బోర్లించడం కూడా చూశాను.”

“చూసి కూడా... ఆఫీసులో చెప్పలేదేమండీ? ఆ గుండుసూదుల ముందు ఒక్క మాట అంటే మీ మీదికి ఇదంతా రాకపోను గదా!”

అతను తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. “చెప్పడమంటే ఆ మాట తమరి మీద అనడమే గదండి. అంటే కట్టుబాటు ప్రకారం తమరు నా దోనెక్కాలి. మోకాలి లోతుకే అంత అరిచిన మనిషిని నడి కొల్లేట్లోకి ఎలా తీసికెళ్ళేదండి? అందుకని మానేశాను.” తలపాగా మళ్ళీ చుట్టుకుంటూ, “అయినా మీ ఆఫీసరుగారే ఎక్కించేశారు. ఎక్కాక నే చెప్పేదేవుందండి, తమరే చెబుతారని చూశాను,” అన్నాడు.

అతని భార్య ముంత అందుకుంటూ, “మూడు రోజులు పట్టిందండీ బాబుగారికి! కారం తగ్గించకుండా ఉండాల్సింది,” అంది.

ఏలూరు వచ్చి ఒక కాగితం రాశాను. ‘ఈ దగా చేసినది నేను’ అని ఒకటే వాక్యం. సూర్యాస్తమయాలు లేవు. ఆఫీసరుగారు చదివి తలుపు వేయించారు. “పిచ్చి పట్టిందా? ప్రభుత్వోద్యోగి దగా చేశాడని రికార్డులో ఉంటే ప్రభుత్వం ఏమైపోవాలి? భాష మార్చి రాయి.” హెడ్ క్లర్కుగారు ఆ మాట కొట్టేసి, పైన సన్నగా ‘క్షేత్రస్థాయి సర్దుబాటు’ అని రాసి నా వైపు తోశారు. నేను దాన్ని కొట్టేసి, మళ్ళీ పాత మాటే రాశాను. ఆయన మళ్ళీ కొట్టేశారు. కాగితం చిల్లు పడేదాకా ఈ కుస్తీ సాగింది. చివరికి చిల్లు మాత్రమే ఫైల్లో మిగిలింది.

లంకకు ఆఫీసు తరఫున ‘సదరు పదము ఉపసంహరించుకొనడమైనది’ అని మెమో వెళ్ళింది. కట్టుబాటు ప్రకారం ఆ మాట అన్నచోటే నిలబడి, గొంతెత్తి వెనక్కి తీసుకోవాలి. ఆఫీసరుగారికి మళ్ళీ మీటింగు తగిలింది. ఎవరు వెళ్ళి అరిచి ఉంటారో మీరు ఊహించగలరు. అరవై రెండు దారపు ఉండలు కూడా నేనే మోసుకెళ్ళాను. రెండు వందల పన్నెండో బిళ్ళను కూడా కలిపాను మరి.

ప్రయోగం సంగతి అంటారా? అది ఆగలేదు. రికార్డులో దగా లేదు కాబట్టి పన్నెండు చోట్లా నిజమే, ఒక్క మడుగూ నిజమే. రెండింటినీ కలిపి ఆఫీసరుగారు పై అధికారులకు ఒక నివేదిక పంపారు: ‘శీలావతి చేపలను సరస్సులో ఎంత దూరాన వదిలినను, అవి తిరిగి ఒకే చోటికి చేరు స్వభావము కలవని రుజువైనది.’ ఆ విధంగా మొత్తం వ్యవహారంలో దగా ఎవరి వల్ల జరిగిందంటే, శాఖాపరంగా, చేపల వల్ల. ఆ నివేదికకు ఆయనకు మెప్పుకాగితం వచ్చింది. నాకు కామవరపుకోట వైపు మెట్టకు బదిలీ వచ్చింది. చేపల శాఖవాణ్ణి ఎంత మెట్టకు వెయ్యొచ్చో అంత మెట్టకు వేశారు. అక్కడ నా పరిధిలో ఉన్న జలాశయాలు రెండు బావులు, ఒక చలివేంద్రం కుండ.

అయినా ఆ ఏడాది వేసవిలో, సెలవు దొరికిన ప్రతి ఆదివారం బస్సు మారి బస్సు మారి గుండుగొలను వచ్చి, గట్టు దాకా నడిచేవాణ్ణి. ఆ జాలరి దోనెతో సిద్ధంగా ఉండేవారు. దోనె మడుగు మధ్యకు తీసికెళ్ళి, ఒక చెయ్యి నా పొట్ట కింద పెట్టి, “వదిలేస్తానండి” అని చెప్పి వదిలేసేవారు. చెప్పకుండా ఒక్కసారీ వదల్లేదు. మొదటిరోజు నేను నోరు తెరిచి అరవబోయాను.

“అరవకండి బాబు,” అన్నారు నవ్వుతూ. “ముందు కొంగ పక్కన చూసుకోండి.”

నాలుగో ఆదివారానికి పదకొండో గడి నిజమైంది. ‘చక్కగా’ అన్న మాట మాత్రం ఇప్పటికీ నిజం కాలేదు.